గ్రీకు అక్షర సంఘాల సరకుల వ్యాపారం

అమెరికా సంయుక్త రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఫ్రటర్నిటీ, సొరోరిటీ అనే సభ్యత్వ సంఘాలు ఉన్నాయి. ఫ్రటర్నిటీలు ప్రధానంగా విద్యార్థులవి, సొరోరిటీలు విద్యార్థినులవి. చాలావాటికి రెండు మూడు గ్రీకు అక్షరాలే పేరు కాబట్టి అన్నిటినీ కలిపి గ్రీకు అక్షర సంఘాలంటారు. ఈ సంఘాల అక్షరాలు, ముద్రలు, రంగులు, చిహ్నాలు గల దుస్తులు, నగలు, చెక్క వస్తువులు, కానుకలు తయారుచేసి అమ్మడం అక్కడ ఒక ప్రత్యేక వ్యాపారంగా స్థిరపడింది.

మామూలు దుస్తుల వ్యాపారానికీ దీనికీ అసలు తేడా యాజమాన్యంలో ఉంది. గుడ్డ వ్యాపారిది, కుట్టుపని వ్యాపారిది. గుడ్డ మీది అక్షరాలు మాత్రం సంఘానివి. కొనేవారు డబ్బిచ్చేది ముఖ్యంగా ఆ అక్షరాలకే. అందువల్ల ఈ రంగంలో అడుగుపెట్టే వ్యక్తికి పెట్టుబడి కంటే ముందు కావలసింది అనుమతి. కొత్త వ్యాపారాలు దెబ్బతినడానికి ఎక్కువ అవకాశమున్న చోటు కూడా అదే.

సంఘాల స్వరూపం

చాలా సంఘాలకు ఒక జాతీయ కార్యాలయం, వేర్వేరు విశ్వవిద్యాలయాల్లో చాప్టర్లు అనే శాఖలు ఉంటాయి. అనేక సంఘాలు కలిసి సమాఖ్యలుగా ఏర్పడ్డాయి. 1902లో మొదలైన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌లో 26 సొరోరిటీలు ఉన్నాయి. ఫ్రటర్నిటీల ప్రధాన సమాఖ్య 1909లో ఏర్పడింది. ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థుల చరిత్ర నుంచి పుట్టిన తొమ్మిది సంఘాల సమాఖ్య నేషనల్ పాన్‌హెలెనిక్ కౌన్సిల్ 1930లో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైంది. ఈ తొమ్మిదింటినీ వాడుకలో డివైన్ నైన్ అంటారు.

వ్యాపారి దృష్టిలో డివైన్ నైన్ సంఘాలకు ప్రత్యేక స్థానముంది. వీటిలో సభ్యత్వం చదువుతో ముగియదు. పట్టభద్రుల శాఖలు పట్టణాల్లో దశాబ్దాల తరబడి చురుగ్గా పనిచేస్తాయి. కాబట్టి కొనుగోలుదారులు ఇరవై ఏళ్ల విద్యార్థులు మాత్రమే కారు; ఉద్యోగాల్లో ఉన్నవారు, విశ్రాంత ఉపాధ్యాయులు, న్యాయవాదులు, చర్చి పెద్దలు కూడా వారిలో ఉంటారు. మిగతా సంఘాల్లో కొనుగోళ్లు ఎక్కువగా కళాశాల ఏళ్లకే పరిమితమవుతాయి.

చరిత్ర

1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో ఫై బీటా కప్పా సంఘం ఏర్పడింది. గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకునే సంప్రదాయం దీనితోనే మొదలైంది. సభ్యులు ధరించిన వెండి పతకం తరువాతి కాలంలో గడియారానికి కీ ఇచ్చే తాళంచెవి రూపం తీసుకుంది. సంఘ చిహ్నాన్ని ఒంటి మీద ధరించే అలవాటుకు ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి. సామాజిక ఫ్రటర్నిటీల పరంపర 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కళాశాలలో కప్పా ఆల్ఫా సొసైటీతో ఆరంభమైంది. మహిళా సంఘాల్లో పై బీటా ఫై మూలాలు 1867లో ఇల్లినాయ్ రాష్ట్రపు మన్మత్ కళాశాలలో ఉన్నాయి. గ్రీకు అక్షరాల పేరుతోనే పుట్టిన కప్పా ఆల్ఫా థీటా 1870లో ఇండియానాలో స్థాపితమైంది. 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా, 1908లో హోవార్డ్‌లో ఆల్ఫా కప్పా ఆల్ఫా ఏర్పడ్డాయి.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ వ్యాపారమంటే నగల వ్యాపారమే. సభ్యత్వ పిన్నులను కంసాలులు చేతితో చేసేవారు, ముత్యాలు, రాళ్లు పొదిగేవారు. 1913లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆటిల్‌బరోలో మొదలైన ఎల్.జి. బాల్ఫర్ కంపెనీ ఈ రంగాన్ని దాదాపు చేజిక్కించుకుంది. జాతీయ సంఘాలతో ‘ఏకైక అధికారిక నగల తయారీదారు’ అనే ఒప్పందాలు చేసుకోవడం దాని పద్ధతి. ఆ ఒప్పందాలు పోటీని అణచివేస్తున్నాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1968లో ఉత్తర్వు ఇచ్చింది. 1971లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు కమిషన్ నిర్ణయాన్ని ప్రధానంగా సమర్థించింది. చిన్న తయారీదారులు ఈ రంగంలోకి రావడానికి దారి తీసిన మలుపుల్లో దీన్ని ముఖ్యమైనదిగా చూడాలి.

తరువాత గుడ్డకు ప్రాధాన్యం పెరిగింది. స్క్రీన్ ప్రింటింగ్ చవకయ్యాక ప్రతి సందర్భానికీ ఒక టీషర్టు వేయించడం అలవాటైంది. 1975లో వెర్మాంట్‌లో మొదలైన కంఫర్ట్ కలర్స్ సంస్థ కుట్టిన తరువాత రంగు వేసిన మెత్తని, వెలసినట్టు కనిపించే టీషర్టులకు సొరోరిటీల్లో ఎంతో ఆదరణ తెచ్చుకుంది. ఆ సంస్థను దుస్తుల తయారీ సంస్థ గిల్డన్ 2015లో కొనుగోలు చేసింది. 2021 ఆగస్టులో అలబామా విశ్వవిద్యాలయ సొరోరిటీల చేరికల వారంలో విద్యార్థినులు తమ దుస్తుల వివరాలు చెబుతూ టిక్‌టాక్‌లో పెట్టిన వీడియోలు దేశమంతా వ్యాపించాయి. అంతవరకు ప్రాంగణాలకే పరిమితమైన ఈ వేషధారణ ఆ తరువాత బయటివారికీ పరిచయమైంది.

సరకుల రకాలు

సభ్యత్వ పిన్నుది అన్నిటికంటే గౌరవప్రదమైన స్థానం. దీన్ని బహిరంగ విపణిలో అమ్మే వీలు చాలా తక్కువ. కొన్ని సంఘాల నియమావళి ప్రకారం పిన్ను ఎప్పటికీ సంఘం ఆస్తే, సభ్యురాలు జీవితకాలం ధరించే హక్కు మాత్రమే పొందుతుంది. జాతీయ కార్యాలయం ఆమోదించిన నగల సంస్థకే ఆర్డరు వెళుతుంది. కొత్త వ్యాపారి ఈ విభాగం జోలికి పోకపోవడమే మంచిది. గ్రీకు అక్షరాలు ఒకదాని కింద ఒకటి వేలాడే లావలియర్ అనే లాకెట్టుకు నిబంధనలు కొంత తేలిక.

దుస్తుల్లో కుట్టు అక్షరాలు గల స్వెట్‌షర్టులు, జెర్సీలు ముఖ్యమైనవి. ట్విల్ గుడ్డలో రెండు పొరలుగా అక్షరాలు కత్తిరించి, అంచులను దట్టమైన కుట్టుతో బిగిస్తారు. వీటి ధర అచ్చు వేసిన చొక్కా కంటే ఎక్కువ. సభ్యులు వీటిని ఏళ్ల తరబడి దాచుకుంటారు. డివైన్ నైన్ సంఘాల్లో లైన్ జాకెట్టుకు పెద్ద విలువ ఉంది. ఒకే సమయంలో చేరినవారి వరుసలో సభ్యుడి సంఖ్య, ఆ వరుసలో అతనికిచ్చిన పేరు, చేరిన సంవత్సరం, శాఖ పేరు దాని మీద ఎంబ్రాయిడరీతో వస్తాయి. ఒక్కో జాకెట్టు ఒక్కో మనిషిది కాబట్టి పొరపాటు పడిన జాకెట్టును ఇంకొకరికి అమ్మలేరు. ఈ సంఘాల సరకులన్నిటినీ కలిపి సభ్యులు ‘పారా’ అంటారు.

రంగులో తేడా ఈ విపణిలో క్షమించరాని లోపం. ఆల్ఫా కప్పా ఆల్ఫాది సాల్మన్ గులాబీ, లేత ఆపిల్ ఆకుపచ్చ. డెల్టా సిగ్మా థీటాది క్రిమ్సన్ ఎరుపు, మీగడ రంగు. ఒమేగా సై ఫైది రాచ ఊదా, పాత బంగారు రంగు. అయోటా ఫై థీటాది బొగ్గు గోధుమ, బంగారు పూత రంగు. జీటా ఫై బీటా, సిగ్మా గామా రో రెండింటికీ రాచ నీలం ఉంది. మొదటిదానికి జతగా తెలుపు, రెండోదానికి బంగారు రంగు వస్తాయి. ఐవీ ఆకు, ఏనుగు, పావురం వంటి చిహ్నాలు ఏ సంఘానివో తెలియకుండా వాటితో వస్తువు తయారుచేసే వ్యాపారి మీద నమ్మకం మొదటి ఆర్డరుతోనే పోతుంది.

చెక్క తెడ్లు మరో సంప్రదాయ వస్తువు. కొత్త సభ్యుడు తనకు మార్గదర్శిగా నియమితుడైన సీనియరుకు అలంకరించిన తెడ్డు కానుకగా ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. గ్లాసులు, సంచులు, స్టిక్కర్లు, స్నాతకోత్సవంలో మెడలో వేసుకునే పొడుగు పట్టీలు తదితరాలు కూడా ఈ విపణిలోనివే. డివైన్ నైన్ సభ్యుల స్నాతకోత్సవ పట్టీల్లో ఘనా దేశపు కెంటే నేత నమూనా తరచుగా కనిపిస్తుంది.

వాణిజ్య చిహ్నాలు, అనుమతులు

గ్రీకు అక్షరమాలలో అక్షరాలు 24. ఏ ఒక్క అక్షరానికీ యజమాని లేడు. కానీ ఒక నిర్దిష్ట వరుసలోని అక్షరాలు ఒక సంఘాన్ని గుర్తుచేస్తే ఆ వరుస వాణిజ్య చిహ్నం అవుతుంది. 1946 నాటి లాన్హమ్ చట్టం కింద సంఘాలు తమ పేర్లను, ముద్రలను నమోదు చేయించుకున్నాయి. ఈ నమోదులో దుస్తులు 25వ తరగతిలోకి, నగలు 14వ తరగతిలోకి వస్తాయి.

కోర్టు తీర్పులు ఎప్పుడూ ఒకే దిశలో నడవలేదు. 1975లో ఐదో సర్క్యూట్ కోర్టు ముందుకు హాకీ జట్ల ముద్రలతో గుడ్డ బిళ్లలు చేసి అమ్మిన డాలస్ సంస్థ కేసు వచ్చింది. బిళ్ల అమ్ముడుపోయేది ముద్ర వల్లే కాబట్టి అనుమతి తప్పనిసరి అని కోర్టు తేల్చింది. 1980లో తొమ్మిదో సర్క్యూట్ ఇందుకు భిన్నంగా నడిచింది. జాబ్స్ డాటర్స్ అనే బాలికల సంఘం ముద్రతో నగలు చేసిన వ్యాపారిని సమర్థిస్తూ, కొనేవారు ఆ ముద్రను తయారీదారుకు గుర్తుగా చూడటం లేదని, తమ అనుబంధాన్ని చూపుకోవడానికే ధరిస్తున్నారని పేర్కొంది. ఆ రెండో వాదన మీద భరోసాతో నేడు దుకాణం తెరవడం ప్రమాదకరం. తరువాతి దశాబ్దాల్లో హక్కుదారుల పక్షమే బలపడింది.

గ్రీకు సంఘాలకు నేరుగా సంబంధించిన కేసు టెక్సస్‌లోని లబక్‌లో పుట్టింది. పాడిల్ ట్రాంప్స్ అనే చిన్న సంస్థ 1961 నుంచి సంఘాల ముద్రలతో చెక్క తెడ్లు అమ్ముతూ వచ్చింది. అనుమతి తీసుకోవాలన్న లేఖలను దాని యజమాని అంగీకరించలేదు. చివరికి 32 సంఘాలు దావా వేశాయి. చిహ్నాల ఉల్లంఘన జరిగిందని జ్యూరీ నిర్ధారించింది. అయితే సంఘాలు దశాబ్దాల పాటు ఊరుకున్న తరువాత కోర్టుకు వచ్చాయన్న కారణంతో వాటికి నష్టపరిహారం దక్కలేదు. వ్యాపారం మీద పరిమిత నిషేధమే వచ్చింది. 2013లో ఐదో సర్క్యూట్ ఈ ఫలితాన్ని నిలబెట్టింది. ఈ తీర్పును అనుమతి అక్కర్లేదనడానికి ఆధారంగా చూపడం పొరపాటు. ఆ సంస్థను కాపాడింది సంఘాల ఆలస్యం మాత్రమే. నేడు సంఘాలు ఎట్సీ, అమెజాన్ వంటి వేదికలను నిరంతరం గమనిస్తూ అనుమతి లేని వస్తువులను తొలగింపజేస్తున్నందున కొత్త వ్యాపారికి ఆ రక్షణ దొరకదు.

అనుమతి పొందే దారులు రెండు. చాలా సంఘాలు తమ అనుమతుల నిర్వహణను అఫినిటీ వంటి మధ్యవర్తి సంస్థకు అప్పగించాయి. ఒకే దరఖాస్తుతో అనేక సంఘాల అనుమతి కోరవచ్చు. మరికొన్ని సంఘాలు సొంతంగా అమ్మకందారుల జాబితా నిర్వహిస్తాయి. ఏ దారిలోనైనా వస్తువు నమూనాలు చూపాలి, నమూనా చిత్రాలకు ఆమోదం పొందాలి, అమ్మకాల్లో నిర్ణీత శాతం రాయల్టీగా చెల్లించాలి, అమ్మకాల నివేదికలు గడువు ప్రకారం పంపాలి. బాధ్యత బీమా అడిగేవారూ ఉన్నారు.

దీనికి తోడు మరో రెండు హక్కులు తరచుగా మరుగున పడతాయి. చొక్కా మీద విశ్వవిద్యాలయం పేరో, దాని క్రీడా చిహ్నమో ఉంటే విశ్వవిద్యాలయం అనుమతి విడిగా కావాలి. 1981లో మొదలైన కాలేజియేట్ లైసెన్సింగ్ కంపెనీ చాలా విశ్వవిద్యాలయాల తరఫున ఈ అనుమతులు ఇస్తుంది. రెండోది, ప్రసిద్ధ పానీయాల, సినిమాల, దుస్తుల బ్రాండ్ల చిహ్నాలను కొద్దిగా మార్చి సంఘం పేరు పెట్టే నమూనాలు. విద్యార్థులు వీటిని ఇష్టపడి అడుగుతారు. సంఘం ఒప్పుకున్నంత మాత్రాన ఆ బ్రాండు ఒప్పుకున్నట్టు కాదు. ఇలాంటి ఆర్డరును వ్యాపారి తిరస్కరించాలి.

తయారీ పద్ధతులు

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో తెర సిద్ధం చేయాలి. పని అంతా తెర సిద్ధం చేయడంలోనే ఉంది కాబట్టి నాలుగు రంగుల నమూనా పది చొక్కాలకు వేస్తే ఒక్కోటి ఖరీదవుతుంది, రెండు వందలకు వేస్తే చవకవుతుంది. అందుకే అచ్చు సంస్థలు కనీస సంఖ్య పెడతాయి. నేరుగా గుడ్డ మీద ముద్రించే డిజిటల్ యంత్రాలు, పలుచని ఫిల్మ్ మీద ముద్రించి వేడితో గుడ్డకు అంటించే డీటీఎఫ్ పద్ధతి ఒకటి రెండు చొక్కాలకూ పనికొస్తాయి. ఎంబ్రాయిడరీకి ముందు చిత్రాన్ని కుట్ల సూచనలుగా మార్చాలి. ఆ ఖర్చు ఒకసారే.

కొత్తవారు యంత్రాలు కొనకుండా నమూనా, ఆర్డరు సేకరణ తమ దగ్గర ఉంచుకుని అచ్చు పనిని స్థానిక సంస్థకు ఇవ్వడం సాధారణం. దీనిలో లాభం తగ్గుతుంది కానీ నష్టభయం కూడా తగ్గుతుంది. అయితే చాలా అనుమతి ఒప్పందాల్లో తయారీ ఎక్కడ జరుగుతుందో చెప్పవలసి ఉంటుంది కాబట్టి పనిచేసే సంస్థ వివరాలు ముందే సంఘానికి తెలపాలి. సాదా చొక్కాలను సాన్‌మార్, ఎస్ అండ్ ఎస్ యాక్టివ్‌వేర్ వంటి టోకు సంస్థల నుంచి తెప్పిస్తారు.

గిరాకీ కాలాలు

ఏడాదిలో పెద్ద తాకిడి ఆగస్టు, సెప్టెంబరులలో వస్తుంది. చేరికల వారం ముగిసి కొత్త సభ్యుల పేర్లు ప్రకటించే బిడ్ డే నాడు ప్రతి శాఖా కొత్తవారికి ఒకే రకం చొక్కా ఇస్తుంది. ఎందరు చేరతారో చివరి క్షణం దాకా తెలియదు, చొక్కా మాత్రం ఆ రోజే కావాలి. ఆలస్యమైన చొక్కాకు మర్నాడు విలువ లేదు. ఈ ఒక్క సందర్భంలో మాట నిలబెట్టుకున్న వ్యాపారికి ఆ శాఖ ఏళ్ల తరబడి ఆర్డర్లిస్తుంది. తరువాత సీనియరు, జూనియరు జతలను ప్రకటించే వేడుక, శరదృతువులో పూర్వ విద్యార్థులు తిరిగివచ్చే హోమ్‌కమింగ్, తల్లిదండ్రుల వారాంతం, వసంతంలో గ్రీక్ వీక్, మేలో స్నాతకోత్సవం వస్తాయి.

డివైన్ నైన్ క్యాలెండరు వేరు. తొమ్మిదింటిలో ఐదు సంఘాల స్థాపన దినాలు జనవరిలోనే ఉన్నాయి: కప్పా ఆల్ఫా సై 5న, ఫై బీటా సిగ్మా 9న, డెల్టా సిగ్మా థీటా 13న, ఆల్ఫా కప్పా ఆల్ఫా 15న, జీటా ఫై బీటా 16న. పన్నెండు రోజుల వ్యవధిలో వచ్చే ఈ గిరాకీకి సరకు డిసెంబరులోనే సిద్ధంగా ఉండాలి. జాతీయ సమావేశాలు కూడా పెద్ద అంగళ్లే. అక్కడ స్థలం అనుమతి ఉన్న అమ్మకందారులకే దక్కుతుంది.

శాఖలో కొనుగోళ్లు చూసే విద్యార్థిని వాడుకలో టీషర్టు చైర్ అంటారు. నమూనా ఎంపిక, సైజుల సేకరణ, డబ్బు వసూలు ఆమె చేతుల మీదుగా జరుగుతాయి. ఈ బాధ్యత సాధారణంగా ఏటా చేతులు మారుతుంది కాబట్టి పరిచయాన్ని కూడా ఏటా కొత్తగా సంపాదించుకోవాలి. పెద్ద సంస్థలు ప్రాంగణాల్లో విద్యార్థులనే కమిషన్ మీద ప్రతినిధులుగా పెట్టుకుంటాయి.

ప్రారంభించే క్రమం

వ్యాపారాన్ని ఏకవ్యక్తి సంస్థగా గానీ ఎల్‌ఎల్‌సీ అనే పరిమిత బాధ్యత సంస్థగా గానీ నమోదు చేస్తారు. సొంత ఆస్తికి రక్షణ ఉండటంతో రెండోదానికి మొగ్గు ఎక్కువ. ఆదాయపు పన్ను శాఖ నుంచి యజమాని గుర్తింపు సంఖ్య ఉచితంగా వస్తుంది. రాష్ట్ర అమ్మకపు పన్ను నమోదు చేసుకుంటే టోకు సరకును పన్ను లేకుండా కొనే ధ్రువపత్రం వాడుకోవచ్చు. 2018 జూన్ 21న వేఫెయిర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, దుకాణం లేని రాష్ట్రంలో కూడా అమ్మకాలు ఒక పరిమితి దాటితే పన్ను వసూలు చేయవలసి వస్తోంది. ఆ కేసుకు మూలమైన సౌత్ డకోటా చట్టంలో అప్పట్లో పరిమితి ఏడాదికి లక్ష డాలర్ల అమ్మకాలు లేదా 200 లావాదేవీలుగా ఉండేది. ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ఈ నియమం చాలా ముఖ్యం.

మొదట ఒకటి రెండు సంఘాలకు, ఒకే ప్రాంగణానికి పరిమితం కావడం క్షేమం. ప్రతి సంఘం అనుమతికీ రుసుము, నివేదికల పని వేరుగా ఉంటాయి; ఆర్డరు రాని సంఘాల అనుమతులు తొలి ఏడాదే భారమవుతాయి.

విమర్శలు, నియంత్రణలు

చెక్క తెడ్డు అలంకార వస్తువే అయినా కొత్తవారిని కొట్టే హేజింగ్ దురాచారంతో దానికి చరిత్రలో సంబంధముంది. హేజింగ్ ఘటనలను విశ్వవిద్యాలయాలు బహిరంగంగా నివేదించాలనే ఫెడరల్ చట్టం మీద 2024 డిసెంబరులో అధ్యక్షుడి సంతకం పడింది. మద్యం, మాదకద్రవ్యాలు, స్త్రీలను కించపరచే బొమ్మలు, ఇతర జాతుల వేషాలను వెక్కిరించే బొమ్మలు గల నమూనాలను సంఘాలు నిరాకరిస్తాయి. ఇలాంటి చొక్కాల వల్ల శాఖల మీద చర్యలు తీసుకున్న సందర్భాలున్నాయి. వేడుకకు ఒక చొక్కా చొప్పున వేయించి ఒకసారి తొడిగి వదిలేసే అలవాటు మీద కూడా అభ్యంతరాలున్నాయి, అవి న్యాయమైనవే. సభ్యులు కానివారు అక్షరాలు ధరించడాన్ని, ముఖ్యంగా డివైన్ నైన్ సంఘాల్లో, తీవ్రమైన అమర్యాదగా చూస్తారు. అందుకని కొందరు అమ్మకందారులు సభ్యత్వం నిర్ధారించుకున్నాకే సరకు పంపుతారు.

భారతీయ, తెలుగు సంబంధాలు

1990ల నుంచి దక్షిణాసియా సంతతి విద్యార్థులు సొంత గ్రీకు అక్షర సంఘాలు పెట్టుకున్నారు. 1992లో బర్కిలీలో డెల్టా ఫై బీటా సొరోరిటీ, 1998లో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై ఫ్రటర్నిటీ, 1999లో లాస్ ఏంజిలస్‌లో బీటా కై థీటా ఏర్పడ్డాయి. వీటి శాఖలు చిన్నవి, ఆర్డర్లూ చిన్నవి. పెద్ద సంస్థల కనీస సంఖ్యకు అందని ఈ ఆర్డర్లు చిన్న వ్యాపారికి అనుకూలం. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాల్లో ఈ అవకాశం గమనించదగినది.

భారతదేశంలో ఎంబ్రాయిడరీ చేయించి కొనుగోలుదారులకు నేరుగా పార్సిళ్లు పంపే పద్ధతికి 2025 ఆగస్టు 29 నుంచి ఆటంకం ఏర్పడింది. 800 డాలర్ల లోపు విలువ గల పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆ రోజు నుంచి అన్ని దేశాలకూ నిలిపివేసింది.

వలస హోదా అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసిన విషయం. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగు రాష్ట్రాలవారు గణనీయంగా ఉన్నారు. ఎఫ్-1 వీసా మీద చదువుతున్న విద్యార్థి అనుమతి లేకుండా వ్యాపారం నడపడం అనధికార ఉద్యోగం కిందికి వచ్చి వీసా హోదాకే ముప్పు తెస్తుంది. చొక్కాలు స్నేహితులకే అమ్మినా, గదిలోనే ముద్రించినా ఈ నియమం మారదు. చదువు ముగిశాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కాలంలో స్వయం ఉపాధికి వీలుంది కానీ పని చదివిన విషయానికి సంబంధించినదై ఉండాలి. 2015 మే నుంచి అమల్లో ఉన్న నిబంధన కింద పని అనుమతి పొందిన హెచ్-4 వీసాదారులు, అంటే హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములు, సొంత వ్యాపారం నడపవచ్చు. ఎఫ్-1 విద్యార్థులు సంస్థను నమోదు చేయడానికి ముందే విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని, వలస చట్టం తెలిసిన న్యాయవాదిని సంప్రదించాలి.